నాలుగు పాయింట్ నాలుగు

మా బావ స్నానానికి ఎన్ని చెంబుల నీళ్ళు పడతాయో మా వీధిలో అందరికీ తెలుసు. పద్నాలుగు. చలి రోజుల్లో పన్నెండు. ఎవరూ అడగలేదు, ఆయనే చెప్పాడు. సబ్బు బిళ్ళ ఇరవై ఆరు రోజులు రావాలి, పళ్ళ పేస్టు నలభై రోజులు రావాలి, వంటగ్యాసు సిలిండరు యాభై మూడు రోజులు రావాలి. యాభయ్యో రోజుకే గ్యాసు అయిపోయిందంటే మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి.

"చుట్టాలొచ్చారు కదండీ, మూడు పూటలు ఎక్కువ వండాను" అంటుంది అక్క.

"అదీ సంగతి. ముందే చెబితే లెక్కలో కలుపుకునేవాణ్ణిగా" అంటాడు ఆయన, కోపమేమీ లేకుండా.

ఇది విని ఆయన్ని పిసినారి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇంటికొచ్చినవాళ్ళకి రెండోసారి టీ పోయించకుండా పంపని మనిషి. ఆయనకు కావలసిందల్లా ఎంత పోశారో తెలియడం. 'సుమారుగా' అనే మాట వింటే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఒకసారి డాక్టరు "రోజూ సుమారుగా మూడు లీటర్ల నీళ్ళు తాగండి" అంటే, సుమారుగా అంటే ఇటా అటా అని అడిగి ఆయన్ని విసిగించి వచ్చాడు.

నాకేమో ముక్కుమీద కోపం. ఆయనకేమో లెక్క మీద ప్రాణం. ఇద్దరం ఒకే లారీల యార్డులో ఇన్నేళ్ళుగా పనిచేస్తూ ఇంకా మాట్లాడుకుంటున్నామంటే అదంతా మా అక్క చలవ. నేను అక్కడ ఎలక్ట్రీషియన్ని. లైట్లు, బ్యాటరీలు, వైర్లు నా పని. బావ డ్రైవరు. యార్డులో ఆయన్ని అందరూ కొలకర్ర అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. ఆయనకూ ఆ పేరు ఇష్టమే.

ఆ పేరు ఆయన సీటు వెనక ఉండే కర్ర వల్ల వచ్చింది. రెండు మూరల కర్ర, దాని మీద చాకుతో చెక్కిన గీతలు. దారిలో ఎక్కడ బండి ఆపినా ట్యాంకు మూత తీసి, కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసుకుంటాడు. అది దారి లెక్క. అసలు లెక్క యార్డులో జరుగుతుంది. బయల్దేరేముందు ట్యాంకు అందరూ నింపుతారు. పంపు గన్ను టక్కుమని ఆగగానే మూత బిగించి వెళ్ళిపోతారు. బావ వెళ్ళడు. నురగ తగ్గేదాకా నిలబడతాడు. మెట్టెక్కి బండిని రెండుసార్లు ఊపుతాడు. లోపల మూలల్లో గాలి దాక్కుని ఉంటే బయటికి రావాలట. మళ్ళీ పోస్తాడు. డీజిల్ మూతి అంచుదాకా వచ్చి మెరిస్తే అప్పుడు మూత పెడతాడు. తిరిగొచ్చాక అదే పంపు, అదే చోటు, అదే అంచు. ఎంత పట్టిందో బండి అంత తాగినట్టు. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ.

"నిండా నుంచి నిండాకి. మిగతావన్నీ కాకిలెక్కలే" అనేవాడు. వెనక నాలుగు లారీలు వరసలో నిలబడి హారన్లు కొడుతున్నా పట్టించుకునేవాడు కాదు.

ఇరవై ఏడేళ్ళు ప్రతి ట్రిప్పునీ ఇలాగే కొలిచి, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అలాంటి పుస్తకాలు ముప్పైకి పైగా మా అక్క బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఆయనకు జీవితంలో వచ్చిన అన్నిటికన్నా మంచి మైలేజీ లీటరుకు నాలుగు పాయింట్ ఒకటి. పెళ్ళి తేదీ అడిగితే కాస్త ఆలోచిస్తాడు గానీ ఆ ట్రిప్పు తేదీ అడిగితే టక్కున చెబుతాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

నిరుడు మా యార్డుకు కొత్త లారీ వచ్చింది. స్టీరింగు వెనక చిన్న స్క్రీను. డీజిల్ ఎంత ఉంది, ఇంకా ఎంత దూరం పోతుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తోంది, అన్నీ అంకెల్లో చూపిస్తుంది. అలాంటి బండి మా దగ్గర అదే మొదటిది. మా మేనేజరు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే వెలుగుతున్న అంకె ఏది కనబడినా నమ్మేస్తాడు.

"పెద్దాయనా, ఇక మీ కర్రలూ పుస్తకాలూ అటకెక్కించొచ్చు. అన్నీ ఇదే చెప్తుంది" అన్నాడు బావతో.

"ఇది ట్యాంకులోకి తొంగి చూస్తుందా సార్?" అని అడిగాడు బావ.

"చూడక్కర్లేదు. కంప్యూటరు కదా."

ఆ స్క్రీను ట్యాంకు కొలవదని నాకు తెలుసు. ఇంజనులోకి ఒక్కో చిమ్ముకు ఇంత డీజిల్ వెళ్ళి ఉంటుందని ఊహించి, కూడుకుంటూ పోతుంది. ఆ ఊహ ఒక బండిలో సరిగ్గా కుదరొచ్చు, ఇంకో బండిలో ఎక్కువో తక్కువో కావచ్చు. నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. అడిగితే చెబుదామని ఊరుకోవడం నాకున్న చెడ్డ గుణాల్లో ఒకటి.

కొత్త బండికి మొదటి ట్రిప్పు బావే వెళ్ళాడు. సరుకు నింపుకుని రానూపోనూ ఎనిమిది వందల ఎనభై కిలోమీటర్లు. మూడో రోజు సాయంత్రం బండి గేట్లోకి రాగానే పనులన్నీ వదిలేసి అందరం చుట్టూ మూగాం. మేనేజరు క్యాబిన్‌లోకి ఎక్కి స్క్రీను చూసి కేక పెట్టాడు.

"నాలుగు పాయింట్ నాలుగు!"

చప్పట్లే చప్పట్లు. ఎవరో బావ భుజాలు పట్టి ఊపారు. మేనేజరు ఫోను తీసి ఆయన్ని స్క్రీను పక్కన కూర్చోబెట్టి ఫొటో తీశాడు. బావ ముఖం నాకు బాగా గుర్తు. "నాలుగు పాయింట్ నాలుగా?" అని రెండుసార్లు అడిగాడు, చెవుల్ని నమ్మలేనట్టు.

మర్నాడు పొద్దున మేనేజరు వచ్చి, "ఏం పెద్దాయనా, మీ కొలతా అంతేనా?" అన్నాడు.

"ఆఁ... సరిపోయింది సార్" అన్నాడు బావ.

కొలకర్ర సరిపోయిందన్నాక ఇంకేముంది! ఆఫీసు గోడ మీద బోర్డు రాయించారు. ఈ బండి మైలేజీ నాలుగు పాయింట్ నాలుగు అని, దాని కింద బావ పేరు. ఆ లెక్కన ఈ రూట్లో ట్రిప్పుకు రెండు వందల లీటర్లు చాలని మేనేజరు ఖాయం చేశాడు. తర్వాత ఓ వారం ఆ బండి చుట్టుపక్కల చిల్లర పనులకు తిరిగింది. ఈలోగా బావకు పాత మోకాలి నొప్పి తిరగబెట్టింది. దూరాలు తోలొద్దని డాక్టరు అనడంతో మేనేజరు ఆయన్ని కొత్త డ్రైవర్లకు పని నేర్పడానికి యార్డులోనే పెట్టాడు. కొత్త బండి బస్సమ్మ చేతికి వచ్చింది.

బస్సమ్మ మా యార్డులో మొదటి ఆడ డ్రైవరు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది, అందుకే ఆ పేరు. మాటలు చాలా తక్కువ. "పిల్లల మీద అరిచి అరిచి నా మాటలన్నీ బస్సులోనే అయిపోయాయి" అంటుంది. ఈ బండి రాకముందే నాలుగు నెలలు బావ పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఆయన చెప్పినవన్నీ నేర్చుకుంది, ఎవరూ నేర్చుకోని నురగ సంగతితో సహా. గన్ను టక్కుమన్నాక చేతులు కట్టుకుని నిలబడి, మెట్టెక్కి బండి ఊపి, మళ్ళీ పోసేది. వెనకవాళ్ళు హారన్లు కొడితే స్కూలు పిల్లల్ని చూసినట్టు ఓ చూపు చూసేది, అంతే ఆగిపోయేవాళ్ళు. ఆమెను చూస్తుంటే బావకు కడుపు నిండేది. "ఒక్కరు చాలురా, ఒక్కరికి అబ్బితే చాలు" అనేవాడు నాతో.

కొత్త బండి మీద ఆమె మొదటి ట్రిప్పుకు ట్యాంకు రెండు వందల ఇరవై ఒక్క లీటర్లు పట్టింది. రెండోదానికి రెండు వందల పందొమ్మిది. మూడోదానికి రెండు వందల ఇరవై. స్క్రీను మాత్రం మూడుసార్లూ నాలుగు పాయింట్ నాలుగే చూపించింది. ట్రిప్పుకు ఇరవై లీటర్ల తేడా. ఇరవై లీటర్లంటే సరిగ్గా ఒక డబ్బా. అదే ఆమె కొంప ముంచింది. పదిహేడో పద్దెనిమిదో అయితే ఎవరూ అంతగా అనుమానించేవారు కాదేమో.

మేనేజరు ఆమెను ఆఫీసుకి పిలిచాడు. ఫ్యాను తిరగడం లేదని నన్నూ అప్పుడే పిలిచారు కాబట్టి నిచ్చెన మీద నుంచి అంతా విన్నాను.

"స్క్రీను రెండు వందలంటోంది. పంపు రెండు వందల ఇరవై అంటోంది. మధ్యలో డబ్బా డీజిల్ ఏమైందమ్మా?"

"బండి తాగింది సార్."

"బండి తాగితే స్క్రీనుకి తెలీదా?"

ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది.

"స్క్రీను తప్పనడానికి కూడా లేదు. పెద్దాయన కొలిచి సరిపోయిందన్నాడు. శుక్రవారంలోగా ఇదేంటో తేల్చండి. లేకపోతే శనివారం బండి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. నేనేం చెయ్యను చెప్పండి."

ఆమె సరే అని తలూపి బయటికి వెళ్ళింది. స్కూలు బస్సు ఉద్యోగం ఎప్పుడో వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. డీజిల్ తీసిందన్న మాట ఒకసారి అంటుకుంటే ఇంకే యార్డులోనూ తాళం చెవి చేతికివ్వరు. లారీల లోకంలో అంతకన్నా పెద్ద మచ్చ లేదు.

ఇక మావాళ్ళ నోళ్ళకు తాళాలెక్కడివి! మాట్లాడని మనుషుల్నే నమ్మకూడదని ఒకడు, దారిలో ఎవరికో పోస్తుందని ఇంకొకడు. నేనేదో పెద్దమనిషినని చెప్పుకోను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆ బండి కిందకి దూరాను. డీజిల్ కారుతోందేమో చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను వెతికింది దొంగగా బిగించిన పైపేమైనా ఉందా అని. ఏమీ లేదు. చొక్కాకి గ్రీజు అంటింది, అంతే. బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం తిన్నగా బావ ఇంటికి వెళ్ళాను.

"బావా, ఆ అమ్మాయి నీ శిష్యురాలు. దొంగ అంటున్నారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే మేనేజరు వింటాడు."

బావ నీళ్ళు నమిలాడు. "చూద్దాంలేరా. మోకాలు కొంచెం..."

"మాట చెప్పడానికి మోకాలెందుకు?"

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క నన్ను వంటింట్లోకి లాగి గొంతు తగ్గించింది.

"తిట్టకురా. ఆయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు. పొద్దున కుళాయి కింద బకెట్ పెట్టి, అది పొంగి పొర్లుతుంటే పక్కనే నిలబడి చూస్తున్నారు. టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేశానో కూడా అడగలేదు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి."

ఇన్నేళ్ళకు అక్కకు కాస్త సుఖం దొరికిందని ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. శిష్యురాలిని వెనకేసుకురాని గురువు మీద కోపం ఒకటే మిగిలింది.

మర్నాడు ఆ కోపమంతా మేనేజరు మీద చూపించాను. "సార్, మీరే ఆ బండిలో కూర్చోండి. ట్యాంకు నింపి మీ చేత్తో మూతకి సీలు వెయ్యండి. సగం రూటు తిరిగొద్దాం. మీ కళ్ళ ముందే ఎవరు తాగుతారో చూద్దాం" అన్నాను. నేనన్న తీరుకు ఇంకెవరైనా అయితే నన్ను గేటు బయట నిలబెట్టేవారు. మేనేజరు మాత్రం కాసేపు ఆలోచించి, "బాగుంది, శుక్రవారం వెళ్దాం" అన్నాడు. అందుకే చెప్పాను, చెడ్డవాడు కాదని.

శుక్రవారం తెల్లవారగానే బస్సమ్మ ట్యాంకు అంచుదాకా నింపింది. మేనేజరు మూతకు తీగ చుట్టి సీసపు సీలు నొక్కాడు. బావను కూడా రమ్మంటే మోకాలు అన్నాడు. మా వెంట గేటుదాకా మాత్రం నడిచి వచ్చాడు. ఆ మోకాలితో అంతదూరం ఎందుకు నడిచాడో నాకప్పుడు అర్థం కాలేదు.

బస్సమ్మ స్టీరింగు దగ్గర, మేనేజరు ఆమె పక్కన, వెనక పడుకునే పలక మీద నేను. మేనేజరు టై కట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా స్క్రీను మీద నుంచి కళ్ళు తీయలేదు, ఆట చూస్తూ స్కోరు చెప్పినట్టు చెబుతూనే ఉన్నాడు. ఎత్తు ఎక్కుతుంటే "అయ్యో, నాలుగు పాయింట్ రెండుకి పడిపోయింది!" దిగుతుంటే "హమ్మయ్య, నాలుగున్నర!"

"సార్, మోకాలు కొంచెం అటు పెట్టండి. గేరు పడటం లేదు" అంది బస్సమ్మ. పొద్దున్నించీ ఆమె మాట్లాడింది అదే.

మధ్యాహ్నం భోజనానికి ఆపాం. మేము చెట్టు నీడలో కూర్చున్నాం. మేనేజరు మాత్రం ట్యాంకు పక్కనే ఎండలో నిలబడి డబ్బాలో అన్నం తిన్నాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ నన్ను కాపలా పెట్టి, మళ్ళీ నేను ఆమె మనిషినేమోనని అనుమానం వచ్చి మధ్యలోనే తిరిగొచ్చాడు. చివరికి నేను సీసాతో నీళ్ళు పోస్తే అక్కడే కడుక్కున్నాడు.

ఎండ ఇంకా ఉండగానే యార్డుకు తిరిగొచ్చాం. సరిగ్గా నాలుగు వందల నలభై కిలోమీటర్లు. స్క్రీను నాలుగు పాయింట్ నాలుగు అంది. ఆ లెక్కన బండి తాగింది వంద లీటర్లు. యార్డు యార్డంతా పంపు దగ్గరే ఉంది. బావ కాస్త దూరంగా, టైర్ల కుప్ప దగ్గర నిలబడ్డాడు.

మేనేజరు సీలు తిప్పి తిప్పి చూసి, తనే తెంపాడు. బస్సమ్మ గన్ను పెట్టింది. తొంభై తొమ్మిది దగ్గర టక్కుమని ఆగింది.

"చూశారా! వంద! స్క్రీను చెప్పిందే కరెక్టు!" అని మేనేజరు చెయ్యెత్తాడు.

బస్సమ్మ ఆయన వైపు చూడలేదు. చేతులు కట్టుకుని నురగ తగ్గేదాకా నిలబడింది. మెట్టెక్కి బండి ఊపింది. మళ్ళీ పోసింది. నూట రెండు. ఆగింది, ఊపింది, పోసింది. నూట ఐదు. ఎవరూ హారన్ కొట్టలేదు. నూట ఏడు. డీజిల్ మూతి అంచున మెరిసేసరికి మీటరు మీద నూట తొమ్మిది ఉంది.

"పొద్దున కూడా ఇక్కడిదాకే నింపాను సార్. మీరే సీలు వేశారు" అంది.

నా నోరు ఊరుకోదు. "తొమ్మిది లీటర్లు పోయాయి సార్. సీలు మీరే వేశారు, కాపలా మీరే కాశారు. టై పిండి చూద్దామా?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. మేనేజరు కూడా నవ్వాడు, కానీ ఆయన బుర్ర ఇంకా తిరుగుతూనే ఉంది. పంపు తప్పేమో అన్నాడు. పంపు గుమాస్తా ముద్ర వేసిన కొలత డబ్బా తెచ్చి ఇరవై లీటర్లు పట్టి చూపించాడు. గీతకి గీత సరిపోయింది.

"అలాగైతే ఇంజను చెడిపోయి ఉండాలి" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. "మొదట్లో ఈ స్క్రీను సరిగ్గానే ఉంది కదా. పెద్దాయన కొలిచి చెప్పాడు. అప్పుడు సరిపోయింది ఇప్పుడు సరిపోలేదంటే ఈ మధ్యలో ఏదో జరిగింది. ఈవిడ దొంగతనం చెయ్యలేదు, ఒప్పుకుంటాను. కానీ బండిని పాడుచేసింది. ఎలా చూసినా బండి మార్చాల్సిందే."

నవ్వులు ఆగిపోయాయి. తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది, ఆ మాట కొలకర్రది. బస్సమ్మ గన్ను తిరిగి పంపుకు తగిలించి చేతులు గుడ్డతో తుడుచుకుంటోంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

"నేను కొలవలేదు సార్."

బావ టైర్ల కుప్ప దగ్గర నుంచి కుంటుకుంటూ ముందుకి వచ్చాడు.

"ఏంటి పెద్దాయనా?"

"ఆ రోజు నేను ట్యాంకు నింపలేదు. మీరు నాలుగు పాయింట్ నాలుగు అని అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై ఏడేళ్ళలో నాకు నాలుగు పాయింట్ ఒకటి దాటలేదు సార్. ఈ వయసులో, ఈ మోకాలితో దాటానంటే... అబ్బ, ఎంత బాగుందో! నింపి చూస్తే తగ్గుతుందేమోనని భయమేసింది. నింపకుండా ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు కొలతా అంతేనా అని మీరడిగితే సరిపోయిందన్నాను. అదొక్కటే నేను కొలవని ట్రిప్పు."

నా బావ, 'సుమారుగా' అంటే ఒళ్ళు మండే మనిషి, ఆ స్క్రీను మునగచెట్టెక్కిస్తే ఎక్కి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చిందంటే నమ్మండి. ఆ వయసులో, అంతమంది ముందు ఆ మాట అనడం నావల్ల అయ్యేది కాదు.

మేనేజరు బస్సమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, తప్పు నాది కూడా. బండి మీదే" అన్నాడు. నన్ను పిలిచి ఆ స్క్రీనుని సరిచెయ్యడం కుదురుతుందా అని అడిగాడు. ఎట్టకేలకు నన్నొకరు అడిగారు! లోపల ఒక సెట్టింగు ఉందని, అసలు కొలత ఎంతో చెబితే ఆ మేరకు దించొచ్చని చెప్పాను. ఇంత తెలిసి ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని ఆయన అడగలేదు, అడిగితే నేనూ నీళ్ళే నమిలేవాణ్ణి. పావుగంటలో సరిచేశాను.

"బోర్డు మీద మీ పేరు పక్కన ఎంత రాయమంటారు?" అన్నాడు మేనేజరు బావతో.

"ఏమీ రాయొద్దు సార్. కొలవనిది రాయకూడదు."

జనం పలచబడ్డాక బావ కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. బస్సమ్మ వచ్చి పక్కన నిలబడింది. నేను వైర్లు చుడుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను.

"క్షమించమ్మా" అన్నాడు బావ. "నా వల్ల నిన్ను దొంగన్నారు."

"నాకు మొదటి ట్రిప్పుకే తెలుసు బాబాయ్."

బావ తలెత్తాడు.

"నిండా నుంచి నిండాకి కొలిస్తే నాలుగు దగ్గరే ఆగిపోతోంది. మీకు నాలుగున్నరకి దగ్గరగా ఎలా వస్తుంది? ఆ రోజు మీరు నింపి ఉండరు అనుకున్నాను."

"మరి ఆఫీసులో ఆ మాట అనొచ్చుగా తల్లీ? బండి పోయేది కదా!"

"నేనంటే మిమ్మల్ని పట్టించినట్టవుతుంది. మీరే చెప్తారులే అని ఊరుకున్నాను."

"చెప్తానని అంత నమ్మకమా నీకు?"

"శుక్రవారందాకా నమ్ముదామనుకున్నాను" అంది బస్సమ్మ. "శనివారం పొద్దున్నే నేనే వెళ్ళి చెప్పేసేదాన్ని. నాకిద్దరు పిల్లలున్నారు బాబాయ్."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. వారం రోజుల తర్వాత మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. కుళాయి కట్టేయడం మరిచిపోతే ఆమే కట్టేసింది. అదే అదనుగా నేనూ బండి కింద దూరిన సంగతి ఒప్పేసుకున్నాను. "తెలుసు, మీ పానా అక్కడే మర్చిపోయారు" అని తెచ్చి చేతిలో పెట్టింది.

మూడు వారాల తర్వాత, మోకాలి నొప్పి తగ్గిందని డాక్టరు చేత రాయించుకుని మరీ, బావ ఆ బండి ఒక్క ట్రిప్పు అడిగి తీసుకున్నాడు. పక్కన బస్సమ్మ కూర్చుంది. ఎనిమిది వందల ఎనభై కిలోమీటర్లూ ఆయనే తోలాడు. తిరిగొచ్చాక ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తనే నింపాడు. నురగ తగ్గేదాకా ఆగాడు, ఊపాడు, పోశాడు, మళ్ళీ ఊపాడు. రెండు వందల ఇరవై ఆరు లీటర్లు పట్టింది. మూడు పాయింట్ తొమ్మిది కూడా రాలేదు, దానికి ఒక వెంట్రుకవాసి తక్కువ. బస్సమ్మ కంటే తక్కువ. ఆయన పాత బండి కంటే కూడా తక్కువ.

ఇప్పుడీయన్ని ఇంటికెలా తీసుకెళ్ళాలిరా దేవుడా అనుకున్నాను. ఆయన పుస్తకం తీసి, రాసి, జేబులో పెట్టుకుని, తిన్నగా ఆఫీసుకి వెళ్ళి బోర్డు మీద రాయమన్నాడు. అక్కడ ఇప్పుడున్న బస్సమ్మ పేరు కింద తన పేరు, దాని పక్కన మూడు పాయింట్ ఎనిమిది తొమ్మిది. ఇంటికెళ్తూ వీధిలో ఎదురైనవాళ్ళకల్లా అడక్కుండానే చెప్పాడు.

అక్క గుమ్మంలోనే అడిగింది. "ఎంతొచ్చిందండీ?"

"మూడు పాయింట్ ఎనిమిది తొమ్మిది" అన్నాడు చెప్పులు విడుస్తూ.

"అది ఎక్కువా, తక్కువా?"

"తక్కువే" అన్నాడు బావ సంబరంగా. "నేనే కొలిచాను."